నల్లమడుగు మొసలి, నిమ్మాకు పురుగు

ఏటూరునాగారం,
21 మార్చి 1979

కిషన్ రావు సార్‌కు,

రాయమల్లు నమస్కారాలు. 'ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను' అని మొదలుపెడితె మీరు ఎర్ర సిరాతోని కొట్టేస్తరని ఎరుక. అందుకని సీదా విషయానికే వస్తున్న.

నన్ను మీరు మరిచిపోయి ఉంటరు. పదో తరగతిల మూడో బెంచి, కిటికి పక్కన కూసునేటోన్ని. తొండకు, సీతాకోకచిలుకకు భేదాలు రాయుమంటె 'తొండ చెట్టెక్కును, సీతాకోకచిలుక పువ్వెక్కును' అని రాసిన. పదికి అరమార్కు ఇచ్చిండ్రు. క్లాసంతా నవ్వింది. ఆ అరమార్కన్న ఎందుకిచ్చిండ్రో నాకు ఇప్పటికి సమజ్ కాలేదు.

ఇప్పుడు నేను ఫారెస్టు గార్డును. పాకాల నుంచి ఈడికి బదిలీ అయ్యి నాలుగు నెలలు. గోదావరి పాయ ఒకటి అడివిలకు వచ్చి నిలిచిపోయిన చోటు ఉన్నది, నల్లమడుగు అంటరు. దాంట్ల ఒక ఆడ మొసలి ఉంటది. పోయిన శుక్రవారం తెల్లారంగ అది గట్టెక్కింది. వెనుక కాళ్ళతోని గుంత తవ్వింది. గుడ్లు పెట్టి, మట్టి కప్పి, పొట్టతోని అటూ ఇటూ రుద్ది చదును చేసింది. నేను మద్దిచెట్టు ఎక్కి చూసిన. అది నీళ్ళలకు పోయినంక కూడ మద్దాన్నం దాక దిగలే సార్.

మా రేంజి ఆఫీసరు 'పిల్లలు బయటికొచ్చేదాక నువ్వే కావలి' అన్నడు. చేతిల ఒక ఫారం పెట్టిండు. అన్నీ ఇంగ్లీషు గళ్ళు. రోజు ఏం చేసిందో రాసే గడిల నేను 'భయంకరము' అని రాసిన. ఆఫీసరు పడి పడి నవ్విండు.

మడుగుకు ఇవతల ఇప్పలగూడెం, ఇరవై ఇండ్లు. వాళ్ళ తాగేనీళ్ళు కూడ ఆ మడుగువే. అదొక ఫికర్.

ఆ గడిల ఏం రాయాలె సార్? మీరు చెప్తరని, పదహారేండ్ల తర్వాత సిగ్గు విడిచి రాస్తున్న.

మీ శిష్యుడు,
రాయమల్లు


కుమార్‌పల్లి, హనుమకొండ,
29 మార్చి 1979

రాయమల్లూ,

మరిచిపోలేదు. నేను బోర్డు మీద కప్ప గుండెకాయ గీస్తుంటే నువ్వు గోడ మీది బల్లిని చూసేటోనివి. అరమార్కు అందుకే. ఆ వాక్యం జవాబు కాదు, కాని అది పుస్తకంల లేదు. కండ్లతోని చూసి రాసినవు. మిగతా నలభై మంది పుస్తకం చూసి రాసిండ్రు. పూర్తి మార్కు ఇవ్వనందుకు ఇప్పుడు కొంచెం విచారిస్తున్న.

'భయంకరము' అన్నది మొసలి గురించి కాదు, నీ గురించి. ఆ ఫారంల నీకు గడి లేదు. మొసలి ఎటు దిక్కు తల పెట్టి పడుకున్నది, ఎంతసేపు నోరు తెరిచి ఉన్నది, గుంత దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది, ఎవరు వస్తే నీళ్ళలకు దిగింది, ఎవరు వస్తే దిగలేదు, ఇవి రాయి. డెబ్బై రోజులకు అటూ ఇటూగ పిల్లలు గుడ్డులోనే కూస్తయి. ఆ కూత విని తల్లి గుంత తవ్వి, పిల్లలను నోట్ల పెట్టుకొని నీళ్ళ దగ్గరికి తీసుకపోతది. నేను చదివిందే తప్ప చూడలేదు. నువ్వు చూడబోతున్నవు.

పోయిన ఏడు రిటైర్ అయిన. యాభై అయిదేండ్లకే మనిషిని ఇంట్ల కూసోబెడితే ఏం చేస్తడు? మా పెరట్ల నిమ్మచెట్టు చిగురేసింది. నిమ్మాకుల మీద వెండితీగ పరిచినట్టు వంకర గీతలు ఎప్పుడన్న చూసినవా? పాము పాకిన జాడ అంటరు. పాము కాదు. ఆకు పై పొరకు, కింది పొరకు నడుమ దూరి బతికే పురుగు అది. దాని తల్లి రెక్కల పురుగు, రెక్కలు చాపితే కూడ బియ్యపు గింజ పొడుగు దాటదు.

నీది ఎనిమిదడుగులన్న ఉండే జంతువు, నాది నువ్వుగింజంత. ఇద్దరం కావలిగాండ్లమే. పదిహేను రోజులకోసారి నీది ఏం చేసిందో నువ్వు రాయి, నాది ఏం చేసిందో నేను రాస్త. పక్కపక్కన పెట్టి చూద్దాం.

అక్షరాలు కొంచెం పెద్దగ రాయి.

కిషన్ రావు


ఏటూరునాగారం,
15 ఏప్రిల్ 1979

సార్‌కు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే రాస్తున్న. ముప్పై రోజులు అయినయి. తల ఎప్పుడూ గుంత దిక్కే. పొద్దున ఎండ చెట్ల మీదికి రాంగనె నోరు తెరుస్తది, గంట గంటన్నర అట్లనే ఉంటది. నోట్ల పసుపు రంగు. ఒక చిన్న పిట్ట వచ్చి దంతాల పక్కన నిలబడి, ఏదో మరిచిపోయినదాని లెక్క అటూ ఇటూ చూసి ఎగిరిపోతది.

ఇది ఫారంల రాయలే, మీకే రాస్తున్న. కదలకుంట ఉన్నదాన్ని నెల రోజులు చూస్తె మనిషికి ఏదో అయితది సార్. ఒక్కోనాడు మద్దాన్నం గాలి ఆగిపోతది. నీళ్ళు, ఇసుక, మొసలి వీపు అంతా ఒక్క రంగు అయితయి. ఏది ఏడ మొదలైందో తెల్వదు. చెట్టు కొమ్మ మీద నేను కూడ ఆ రంగే అయినట్టు అనిపిస్తది. అది ఊపిరి తీసుకుంటె మడుగు మొత్తం మెల్లగ లేచి దిగినట్టు కొడతది. నా ఊపిరి కూడ దాంతోని కలుస్తది. ఇప్పుడు భయం అయితలేదు. ఎప్పుడు పోయిందో చూసుకోలే.

ఒక కష్టం వచ్చింది. ఇప్పలగూడెంల కట్టమ్మ అని ముసలామె, నాలుగు మేకలు కాస్తది. నీళ్ళకు వచ్చిన మేకను మొన్న అది గుంజుకపోయింది. కట్టమ్మ రేవు కాడ కూసోని పొద్దంతా తిట్టింది. 'ఏమయ్యా గార్డూ, దానికి కావలి ఉన్నవు, నా మేకకు ఎవలున్నరు కావలి?' అన్నది. ఆ తెల్లారి నుంచి పొద్దున, మాపున ఊరోళ్ళు నీళ్ళు ముంచుకునే గంట నేను కట్టె పట్టుకొని రేవు కాడ నిలబడుతున్న. అది ఇటు చూస్తది, నేను అటు చూస్త.

మీ పురుగు ఎట్లున్నది?

రాయమల్లు


హనుమకొండ,
23 ఏప్రిల్ 1979

రాయమల్లూ,

రేవు కాడ నిలబడుతున్నవని రాసినవు చూడు, నీ ఉత్తరంల అన్నిటికన్న మంచి వాక్యం అది.

మా పురుగు సంగతి. గుడ్డు ఆకు నడిమి ఈనె పక్కన, నీటిబొట్టు అంటినట్టు ఉంటది. ఎండ ఏటవాలుగ పడితేనే కనిపిస్తది. అడుగు దిక్కు పగిలి, పిల్ల బయటి గాలి తగలకుండనే ఆకులకు దిగిపోతది. అక్కడ నుంచి పాలమీది మీగడ కింద వేలు పెట్టి లేపుకుంట పోయినట్టు పోతది. పైన పొర తెల్లగ ఉబ్బుతది, నిన్నటి అన్నం మీద ఎండిన గంజి లెక్క. ఆ తెల్లటి తోవ నడుమ సన్నటి నల్ల దారం ఒకటి. అది పురుగు వెనుక విడిచిన మలం. తను ఎక్కడెక్కడ తిరిగిందో అంతా ఆకు మీద ఉంటది. ఈనె అడ్డం వస్తే మళ్ళుతది. తన పాత తోవ ఎదురైతే దాన్ని దాటదు, పక్క నుంచే పోతది. నిన్న ఒక ఆకుల రెండు పురుగులు రెండు వైపుల నుంచి వచ్చి, నడిమి ఈనెకు అటొకటి ఇటొకటి ఆగినయి. గోడకు అటూ ఇటూ పడుకున్న ఇద్దరు చుట్టాల లెక్క. ఒకదాని సంగతి ఒకదానికి తెల్వదు.

నీ మొసలికి, నా పురుగుకు మొదటి భేదం ఇది. నీ తల్లి డెబ్బై రోజులు కూసుంటది. నా తల్లి గుడ్డు పెట్టి, ఇంకో ఆకు వెతుక్కుంట పోయి, వారం పది రోజులల్ల సచ్చిపోతది. పిల్లను చూడనే చూడదు. మంచి లేత ఆకు ఎంచి పెట్టుడు ఒక్కటే అది చేయగలిగేది. కాని ఆ ఒక్కటి బాగ చేస్తది. ముదురాకు మీద ఒక్క గుడ్డు కూడ కనిపించలేదు.

ఏది మంచి తల్లి అని అడగకు. అట్ల అడుగుడు మన పని కాదు.

కిషన్ రావు


ఏటూరునాగారం,
6 మే 1979

సార్‌కు నమస్కారాలు.

యాభై ఒక్క రోజులు. ఎండలు దంచుతున్నయి. గుంత మీది మట్టి ఇటుక లెక్క గట్టిపడ్డది. తల్లి రోజుకు నాలుగుసార్లు వచ్చి, దాని మీద గదుమ ఆనించి పండుకుంటది. వింటాందేమో అనిపిస్తది.

కట్టమ్మ ఊర్లె అందరికి చెప్తాందట, గుడ్లు పగలగొట్టాలె అని. కొందరు ఔనంటున్నరు. నేను పోయి మాట్లాడిన. 'పిల్లలు పుట్టంగనె డిపార్ట్‌మెంటు జీపుల తీసుకపోతరు, మీ మడుగుల ఉంచరు' అన్న. నమ్మిండ్రో లేదో.

సార్, ఒక మాట అడుగుత, తప్పు పట్టకుండ్రి. మొదటి ఉత్తరంల మీ రాత నాకు తెలిసిన రాతనే, కుడి దిక్కు వాలుతది. పోయిన ఉత్తరంల అక్షరాలు గుండ్రంగ, నిలువుగ ఉన్నయి. పానం బాగున్నదా? గంజి, మీగడ అని మీరు ఎన్నడూ రాయరు కద. ఈ నెల నడుమ ఒక రోజు సెలవు దొరికితె వచ్చి చూసి పోదామనుకుంటున్న.

రాయమల్లు


హనుమకొండ,
12 మే 1979

రాయమల్లూ,

రావద్దు. గుంత విడిచి ఒక్కనాడు కూడ కదలకు. ఇప్పుడే అసలు రోజులు. నాకేం కాలేదు. కొత్త పెన్ను, అంతే.

మొన్న పొద్దున రెక్కల పురుగు బయటికి వచ్చింది. పెరిగిన పురుగు ఆకు అంచు దగ్గరికి చేరి, పట్టుదారంతోని అంచును తన మీదికి మడుచుకుంటది, కిల్లీ చుట్టినట్టు. ఆ మడతల వారం పైన నిద్రపోయింది. మొన్న ఇంకా ఎండ రాలేదు, పక్కింట్ల చల్ల చిలుకుతున్నరు. మడత కొస మెల్లగ కదిలింది. కదిలి ఆగింది. తర్వాత చూస్తే ఆకు మీద ఎవరో వెండి రజను చిటికెడు రాల్చినట్టు. దానికి కాళ్ళున్నయి. తెల్లటి రెక్కలు, వాటి మీద సన్నటి గోధుమరంగు గీతలు. కొసకు ఒక్కొక్క నల్లచుక్క, చంటిపిల్లకు పెట్టిన దిష్టిచుక్క లెక్క. రెక్క అంచుకు కుచ్చు. ఇంత చిన్నదానికి ఇంత అలంకారం ఎవరు చూడాలని? ఊపిరి తగిలితే పోతదని ఊపిరి బిగబట్టినా, మళ్ళ చూసే వరకు ఆకు ఖాళీ.

రోజులు లెక్కపెట్టుకో. తల్లి గుంత తవ్విన నాడు ప్రతి నిమిషం రాయి. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న.

కిషన్ రావు


ఏటూరునాగారం,
20 మే 1979

సార్‌కు నమస్కారాలు.

అరవై అయిదు రోజులు. తల్లి బాగనే ఉన్నది. గుంత బాగనే ఉన్నది. ఎండలు ఎక్కువ ఉన్నయి. మిగతా సంగతులు తర్వాత రాస్త.

రాయమల్లు


హనుమకొండ,
25 మే 1979

రాయమల్లూ,

నీ ఉత్తరం రెండుసార్లు విన్న. దాంట్ల ఏమీ లేదు. రెండు నెలలు చెట్టు మీద కూసోని చూసిన మనిషి 'బాగనే ఉన్నది' అని రాయడు.

ఇంకొకటి. పదహారో తారీకు నాడు మా గోడ మీద ఎవరో తేనె సీస పెట్టి పోయిండ్రు. మూతకు తునికాకు చుట్టి, నారతోని కట్టి ఉన్నది. హనుమకొండ బజార్ల తేనె సీసకు తునికాకు చుట్టరు.

ఏం జరిగింది? నన్ను పిల్లగాన్ని చేయకుండ రాయి.

కిషన్ రావు


ఏటూరునాగారం,
31 మే 1979

సార్‌కు,

నమస్కారం పెట్టే ముఖం లేదు. జరిగింది జరిగినట్టు రాస్త.

పదహారో తారీకు నాడు మొదటి బస్సుకు నేను హనుమకొండ వచ్చిన. మీరు వద్దన్న కొద్ది నాకు మనసు నిలువలే. రిక్షా దిగి మీ గేటు కాడికి వచ్చిన. మీరు నిమ్మచెట్టు కింద కుర్చీల ఉన్నరు. మీ ఇంటి అమ్మ భూతద్దం పట్టుకొని ఆకు మీదికి వంగింది. మీరు 'తల ఎటున్నది?' అని అడిగిండ్రు. అమ్మ 'కొస దిక్కు' అన్నది. 'నిన్నటికి ఇయ్యాల్టికి ఎంత పోయింది?' 'గోరంత.' 'ఎవరి గోరంత, నీదా నాదా?' అమ్మ నవ్వింది. అప్పుడు మీ చెయ్యి పక్కన ఉన్న చెంబు కోసం లేచింది. చెంబు మీ ముంగటనే ఉన్నది సార్. చెయ్యి గాలిల దేవులాడింది, దేవులాడింది, తగిలి చెంబు బోర్ల పడ్డది.

నేను గేటు మీద చెయ్యి వేసి అట్లనే నిలబడ్డ. మీరు నాకు చెప్పొద్దనుకున్నరు. లోపలికి వస్తె మీరు దాచింది నేను గుంజుకున్నట్టు అయితది. తేనె సీస గోడ మీద పెట్టి మర్లిపోయిన.

ఆ ఒక్కనాడే, నేను లేనప్పుడు, ఎవరో వేరే ఊరోళ్ళు వచ్చి చేపల కోసం మడుగుల మందు తోటాలు పేల్చిండ్రు. తెల్లారి నేను పోయేవరకు చేపలు ఏరుకొని పోయిండ్రు. మొసలి వెల్లికిలా తేలి ఉన్నది. పొట్ట తెల్లగ, లేతగ ఉన్నది. రెండు నెలలు చూసిన గని దాని పొట్ట నేను ఎన్నడూ చూడలే. ఆఫీసరు కొలిపించిండు, ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. గట్టు మీదనే పాతిపెట్టినం. నేను కావలి విడిచిపోయిన అని ఉన్నదున్నట్టు రాసిచ్చిన. మెమో ఇచ్చిండ్రు.

మీకు రాద్దామని కూసున్న. 'తల్లి గుంత తవ్విన నాడు ప్రతి నిమిషం రాయి' అని మీరు రాసిన ఉత్తరం ముంగట ఉన్నది. 'బాగనే ఉన్నది' అని రాసిన.

ఇగ వినుండ్రి. ఇరవై ఏడు నాడు, ఆదివారం, డెబ్బై రెండో రోజు. పొద్దు పొడిచింది. గుంత కాడ కూసున్న. భూమిలకెల్లి చప్పుడు వచ్చింది. ముందు కప్ప అనుకున్న. గొంతు పట్టుకపోయినోడు లోపల లోపలనే పిలిచినట్టు, 'క్వఁ... క్వఁ...' అని. ఒకటి పిలిస్తె ఇంకొకటి. తర్వాత అన్నీ. తల్లిని పిలుస్తున్నయి సార్. తల్లి అక్కడనే ఉన్నది, పది గజాల దూరంల, మట్టి కింద.

ఎండిన మట్టి. గోళ్ళతోని గీరిన, కట్టెతోని పొడిచిన. కట్టె ఇరిగింది. తలెత్తి చూస్తె కట్టమ్మ నిలబడ్డది, భుజం మీద గడ్డపార.

'గడ్డపార దేనికవ్వా?' అన్న.

'నా మేకను తిన్నదాని గుడ్లు పగలగొట్టనీకె.'

'అది సచ్చిపోయింది కదా.'

'ఎరుకే. అది ఉంటె నేను వస్తునా?'

నాకు కొట్లాడే బలం లేదు. 'చెవి పెట్టి విను' అన్న. ఆమె నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసి, వంగి, భూమికి చెవి ఆనించింది. శానసేపు లేవలే. లేచినంక చెంపకు అంటిన మట్టి తుడుసుకోలే.

'ఎన్నున్నయి?'

'ఇరవై పైన.'

'తవ్వేటోళ్ళు లేకపోతె?'

'లోపలనే పోతయి.'

నోట్ల తంబాకు ఉమ్మింది. 'నువ్వట్ల గోళ్ళతోని గీకితె పొద్దుగూకుతది. జరుగు' అన్నది.

గుంత చుట్టూర గడ్డపారతోని మెల్లగ లేపింది, కందగడ్డ తవ్వుతరు చూడుండ్రి, దెబ్బ తగులకుంట, అట్ల. ఇద్దరం చేతులతోని మట్టి తీసినం. ఇరవై ఆరు గుడ్లు. కొన్ని పగిలి ముక్కు బయట పెట్టినయి. కొన్నిటిని అరచేతుల నడుమ మెల్లగ దొర్లిచ్చి నేను పగులగొట్టిన. ఇరవై ఒక్కటి బతికినయి. ఒక్కొక్కటి జానెడు. ఒకటి కట్టమ్మ వేలు పట్టి కొరికింది. 'తల్లి లెక్కనే' అని ఇదిలిచ్చింది గని, కింద పడెయ్యలే.

గంపల పెట్టుకొని లేచిన. 'అవ్వా, నీ రుణం...' అన్న. 'సాలు తియ్యి. మేక మేకనే. మాఫ్ చేసిన అనుకోకు. వీటిని నా రేవు కాడ ఇడిసినవంటె ఊకోను' అని, గడ్డపార ఎత్తుకొని పోయింది.

ఇప్పుడు ఆఫీసు వెనుక సిమెంటు తొట్టిల ఉన్నయి. వానకాలం నడుమ జీపు వచ్చి తీసుకపోతదట.

సార్, ఆ తల్లి నా మూలంగ పోయింది. మీకు చెప్పుకుంటె తప్ప లోపల ఆగుతలేదు.

రాయమల్లు


హనుమకొండ,
9 జూన్ 1979

బిడ్డా రాయమల్లూ,

ఇది నేను, సరస్వతిని. ఇన్ని రోజులు మీ సార్ చెప్తె రాసిన. ఇది నా అంతట నేను రాస్తున్న. తప్పులుంటె పట్టించుకోకు, నేను అయిదో తరగతే.

ఫిబ్రవరిల పెద్ద దవాఖానకు పోయినం. నీటికాసులు అన్నరు. పోయిన చూపు రాదు, మిగిలింది కూడ నిలువదు అన్నరు. మొదటి ఉత్తరం ముక్కు కాగితానికి ఆనించి ఆయననే రాసిండు. తర్వాత కాలేదు. ఎవ్వరికి చెప్పొద్దన్నడు. బజార్ల పాత పిల్లలు దండం పెడితె, గొంతు పట్టి పేరు చెప్పి, చూసినట్టే నవ్వుతడు.

ఇంట్ల ఉప్పు ఏడున్నదో తెల్వని మనిషి, నన్ను పట్టి చదువు చెప్పిండు. పదకొండేండ్లు ఆ చెట్టు నిమ్మకాయలు తెంపిన గని, ఆకును ఎన్నడు చూసిన? 'తెల్లగ ఉన్నది' అంటె 'ఎట్ల తెల్లగ?' అంటడు. నాకు తెలిసిన తెలుపు పాలు, గంజి. అవే చెప్పిన. కొట్టెయ్యలే, రాయమన్నడు. నువ్వు అది పట్టుకున్నవని చదివితె మీ సార్ పక్కకు ముఖం తిప్పుకొని నవ్విండు. ఆ రెక్కల పురుగు లేచిన పొద్దు నేనొక్కదాన్నే చూసిన. ఆయన నా చెయ్యి పట్టుకొని కూసున్నడు. ఎగిరిపోయింది అంటె, 'చెప్పు, ముందు నుంచి చెప్పు' అని మూడుసార్లు చెప్పించుకున్నడు.

నీ ఉత్తరం చదివిన. చెంబు కాడ ఆపమన్నడు. లోపలికి పోయి పడుకున్నడు. రెండు రోజులు నాతోని మాట్లాడలే, అన్నం సగం విడిచిండు. నాకు భయమైంది. మూడోనాడు వచ్చి 'మిగతాది చదువు' అన్నడు. గడ్డపార కాడికి వచ్చేవరకు కుర్చీ అంచుకు జరిగిండు. అయినంక 'ఇరవై ఒక్కటా?' అని అడిగిండు. ఔనన్న.

మాకు పిల్లలు లేరు బిడ్డా. నీ మొసలి సంగతి, నా పురుగు సంగతి పక్కపక్కన పెట్టి నేను కూడ ఆలోచన చేస్త పని చేసుకుంట. ఒకటి పానం పోయేదాక కూసున్నది, ఒకటి లేతాకు చూసి పెట్టి పోయింది. నీ గుంతల పిల్లలను ఎవరు తీసిండ్రు? వాటి మీద కోపమున్నామె. నాకు దాని అర్థం తెల్వదు, గని వంటింట్ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు యాదికొస్తది.

ఇగ మీ సార్ చెప్తున్నడు, రాస్తున్న:

'రాయమల్లూ, కావలి విడిచి వచ్చుడు తప్పు. దానికి మెమో ఇచ్చిండ్రు, సరే. గేటు దాక వచ్చి లోపలికి రాకపోవుడు ఇంకో తప్పు. నేను దాచినందుకు నువ్వు వచ్చినవు, కాబట్టి ఆ తల్లి చావుల నా వంతు కూడ ఉన్నది. ఇద్దరం మోద్దాం. నువ్వొక్కనివే ఎత్తుకోకు. జీపు వచ్చేలోపల మేము వస్తున్నం. బస్సు దిగంగనె నా చెయ్యి పట్టుకో, మొహమాటపడకు.'

సరస్వతి


హనుమకొండ,
4 జూలై 1979

బిడ్డా రాయమల్లూ,

మంచిగ చేరినం. నువ్వు కట్టిచ్చిన ఇప్పపూల మూట పక్కింటోళ్ళకు కూడ పెట్టిన.

తొట్టి కాడ మీ సార్ చేతిల పిల్లను పెట్టి నువ్వు ముఖం తిప్పుకున్నవు. నేను తిప్పుకోలే, చూసిన. నువ్వు చూడనిది నీకు చెప్పాలె. ముందు అరచెయ్యి గట్టిగ బిగిసింది. తర్వాత మెల్లగ విడిచిండు. బొటనవేలు ముక్కు కొస నుంచి బయలుదేరి, కండ్ల మీది ఎత్తు కాడ ఆగి, వీపు మీది గరుకు వరుసలు ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంట తోక దాక పోయింది. మళ్ళ పొట్ట దిక్కు తిప్పి, అక్కడ వేలు ఆనిచ్చి ఉంచిండు. పెదవులు కదులుతున్నయి. గుండె కొట్టుకునుడు లెక్కపెడుతున్నడు. దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచి ఆయన ముఖం అంత సల్లగ నేను చూడలే.

పిల్లలను చూడొచ్చిన కట్టమ్మ నా పక్కన నిలబడి 'కండ్లు లేనాయినకు ఎందుకమ్మా అది, కరుస్తది' అన్నది. మీ సార్‌కు వినపడ్డది. 'కరిస్తే ఇంకా బాగ తెలుస్తది' అన్నడు. కట్టమ్మ నవ్వి, తన వేలు మీది మచ్చ తెచ్చి ఆయన చేతికి తాకిచ్చింది. అప్పుడు నువ్వు నీళ్ళ కోసం పోయినవు.

నువ్వు లేనప్పుడు మీ సార్ నాతోని ఒక మాట అన్నడు. 'దీన్ని చేతిల పెట్టుకోవచ్చు. మన పురుగును పెట్టుకుంటే పొడి అయితది. అది నాకు నీ నోట్లనే ఉంటది, సరస్వతీ.' ముప్పై మూడేండ్ల కాపురంల ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది ఎన్నిసార్లో నా వేళ్ళమీద ఉన్నది. నేను తొట్టిల నీళ్ళు చూసుకుంట నిలబడ్డ.

బస్సెక్కినంక తాడ్వాయి దాక ఆయన అడుగుతనే ఉన్నడు, బయట ఏమున్నది, ఇప్పుడేమున్నది అని. చెప్పి చెప్పి నాకు అలసట వచ్చింది. ఎన్నడు లేంది, 'నాకు నిద్ర వస్తాంది, ఇగ మీరే చెప్పుండ్రి' అన్న. ముఖం అటు తిప్పుకున్నడు. కోపమొచ్చిందనుకున్న.

అప్పుడు మొదలుపెట్టిండు. 'గాలి సల్లబడ్డది, చెట్లు రోడ్డు మీదికి వంగినయి. ఎడమ దిక్కు వాగు ఉన్నది, కొత్త నీళ్ళు, మట్టివాసన. ఇప్పుడు వంతెన ఎక్కినం. వెనుక సీట్ల ముసలాయన తునికాకు పని చేసి వస్తున్నడు, చేతుల వాసన. ముంగట పసిపిల్ల పాలు తాగుడు ఆపి నిద్రపోయింది. దూరంగ చినుకులు పడుతున్నయి, ఇంకా మన మీదికి రాలేదు, వస్తయి.' వచ్చినయి. కిటికిల నుంచి నా ముఖం మీద పడ్డయి.

నేను కండ్లు తెరువలే. పస్రా దాటింది, ములుగు దాటింది. ఆయన చెప్తనే ఉన్నడు, నేను చూస్తనే ఉన్న.

సరస్వతి